ఇంగ్లండు బాలింత నెల

కన్‌ఫైన్‌మెంట్ అన్న ఇంగ్లీషు మాట వినగానే మనకు తట్టేది చెరసాల, గృహనిర్బంధం, చీకటి కొట్టు. కానీ పద్దెనిమిదో శతాబ్దం చివరి పాదం నుంచి ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా ఇంగ్లీషు ఇళ్ళలో ఈ మాటకు అర్థం పురుడు. ఫలానా ఆవిడ కన్‌ఫైన్‌మెంట్ మార్చి నెలలో అంటే మార్చిలో నీళ్ళాడుతుందని. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పనిచేసే తల్లుల కోసం చేసిన తొలి ఒడంబడికలో ఈ మాటే ఉంది. పురిటి తేదీ లెక్కగట్టి పాత డాక్టర్లు కేస్ షీటు మీద రాసే 'ఈడీసీ'లో చివరి అక్షరం కూడా ఇదే. ఈ వాడుక చూసి చాలామంది వెంటనే ఒక తీర్పు చెప్పేస్తారు: ఆ కాలంలో ఆడవాళ్ళను పురిటి పేరుతో గదిలో బంధించేవాళ్ళు, బంధించామని మాటలో కూడా దాచుకోలేదు అని. వినడానికి బాగుంటుంది. సాక్ష్యాలు మాత్రం దాదాపు తలకిందుగా ఉన్నాయి. ఆ గది తలుపు మూసిన మాట నిజమే. ఎవరిని బయట ఉంచడానికి మూశారన్నది చూస్తే, ఆ నెల రోజులు ఇంగ్లండు ఆడది సంపాదించుకున్న సెలవుగా కనిపిస్తుంది.

కన్‌ఫైన్‌మెంట్ కొత్త మాట, మర్యాద మాట. దానికి ముందు శతాబ్దాలపాటు నడిచింది లైయింగ్-ఇన్ అన్న మోటు మాట. లోపల పడుకుని ఉండటం అని దాని అర్థం. ఇందులో గమనించవలసింది ఒకటుంది. నొప్పులు, కాన్పు, బిడ్డ బయటపడటం, ఇవేవీ ఈ మాటలో లేవు. ఇది ఒక సంఘటన పేరు కన్నా ఒక వ్యవధి పేరు. మనవాళ్ళు బాలింతతనం అనేదానికి దగ్గరగా ఉంటుంది. ఆ వ్యవధి లెక్క సుమారుగా ఒక నెల. పదహారు, పదిహేడు శతాబ్దాల ఇంగ్లండులో అది ఎలా గడిచేదో డైరీలు, చర్చి కోర్టు కాగితాలు, మంత్రసానుల పుస్తకాలు కలిపి చదివితే చాలావరకు తెలుస్తుంది. నొప్పులు మొదలవగానే భర్త వెళ్ళి మంత్రసానిని, ఇరుగుపొరుగు ఆడవాళ్ళను పిలుచుకొస్తాడు. అక్కడితో అతని పాత్ర ముగుస్తుంది. కిటికీలకు తెరలు దించుతారు, తాళంచెవి కన్నాలకు కూడా గుడ్డలు కుక్కుతారు, పగలే కొవ్వొత్తులు వెలిగిస్తారు, నెగడు వేస్తారు. కాడిల్ కాస్తారు. ఇది జావలో వైనో, ఏల్ అనే బార్లీ బీరో పోసి, పంచదార, మసాలా దినుసులు కలిపిన వేడి పానీయం. మన బాలింతలకు పెట్టే కాయంలా ఒక్క తల్లికే పరిమితం కాదు, వచ్చిన ఆడవాళ్ళందరికీ గిన్నెలు తిరిగేవి.

కాన్పు అయ్యాక తల్లి కొన్ని రోజులు, ఓపికను బట్టి రెండు వారాల దాకా, మంచం దిగదు. తర్వాత పక్కబట్టలు మార్చి ఆమెను లేపి కూర్చోబెట్టే రోజు వస్తుంది. ఆ రోజుకు అప్‌సిట్టింగ్ అని పేరు, చుట్టుపక్కల ఆడవాళ్ళకు అదొక చిన్న పండగ. ఆపైన కొన్నాళ్ళు గదిలో తిరుగుతుంది, మరి కొన్నాళ్ళు ఇంట్లో తిరుగుతుంది, గుమ్మం మాత్రం దాటదు. నెల నిండాక స్నేహితురాళ్ళు వెంట రాగా చర్చికి వెళ్ళి, బతికి బయటపడ్డందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటుంది. దాన్ని చర్చింగ్ అంటారు. ఈ నెలంతా వంట, కుండలు, పశువులు, పెద్ద పిల్లలు, అన్నీ ఎవరో ఒకరు చూడాలి. డబ్బున్న ఇంట్లో నెలకు కుదుర్చుకున్న నర్సు చూస్తుంది, లేనిచోట పక్కింటి ఆడవాళ్ళు చూస్తారు, వాళ్ళూ చాలకపోతే మొగుడు చూసుకోవాలి. ఈ నెలలో అతనికి భార్య పక్క మీద కూడా హక్కు లేదు. చరిత్రకారుడు ఏడ్రియన్ విల్సన్ ఈ ఆచారం మీద ఏళ్ళ తరబడి పనిచేసి చేరిన నిర్ణయం ఇదే: నాటి చట్టం ప్రకారం భార్య శ్రమా, శరీరమూ భర్తవి; ఆ రెంటినీ నెల రోజులు అతని చేతిలోంచి తప్పించిన ఏర్పాటు లైయింగ్-ఇన్.

మగవాళ్ళకు ఇది నచ్చలేదనడానికి సాక్ష్యం భాషలోనే ఉంది. పురిటికి పిలిచే ఆడవాళ్ళను గాసిప్స్ అనేవాళ్ళు. మొదట్లో ఈ మాటకు అర్థం జ్ఞానస్నానంలో బిడ్డకు అండగా నిలిచే బంధువు, దేవుడి సాక్షిగా కలిసిన చుట్టం. శామ్యూల్ జాన్సన్ 1755లో నిఘంటువు వేసేనాటికి, పురిటింట్లో ఆడవాళ్ళలా వాగుతూ తిరిగే మనిషి అన్న అర్థం కూడా దానికి చేరిపోయింది. తమకు ప్రవేశం లేని గదిలో నెల రోజులు ఏం మాట్లాడుకుంటున్నారో తెలియని మగవాళ్ళు, కాడిల్‌కు, రొట్టెలకు అవుతున్న ఖర్చు చూసుకుంటూ, ఆ మాటలన్నిటినీ చాడీలుగా లెక్కకట్టారు. ఆ కాలపు హాస్య కరపత్రాల్లో పురిటింటి ఖర్చుకు బావురుమనే మొగుడు మామూలు పాత్ర. ఖైదు చేసినవాడు ఖైదీ సౌఖ్యానికి అయ్యే ఖర్చు గురించి అంత ఏడవడు.

దీనికి మొదటి అభ్యంతరం మతం వైపు నుంచి వస్తుంది. నెల రోజులు బయటికి రానివ్వకపోవడానికి అసలు కారణం మైల కదా, చర్చికి వెళ్ళేది శుద్ధి కోసం కదా అంటారు. పాత నిబంధనలో లేవీయకాండం ప్రకారం బాలింతకు మైల ఉన్న మాట వాస్తవమే, మధ్యయుగపు చర్చి ఆ వాసనను పూర్తిగా వదిలించుకోలేదు. 1549 నాటి ఇంగ్లీషు ప్రార్థన పుస్తకంలో ఈ తంతు పేరు స్త్రీల శుద్ధి అనే ఉంది. మూడేళ్ళకే, 1552 ప్రతిలో, దాన్ని ప్రసవానంతర కృతజ్ఞత అని మార్చారు. మరింత పట్టుదల గల ప్యూరిటన్ పాస్టర్లకు అదీ చాల్లేదు. ఇది యూదుల, పోపు మతస్థుల అవశేషం, ఎత్తెయ్యాలి అన్నారు. 1645లో ప్రార్థన పుస్తకాన్నే నిషేధించినప్పుడు ఎత్తేశారు కూడా. ఇక్కడ చూడవలసింది ఆడవాళ్ళు ఏం చేశారన్నది. మైల ముద్ర తప్పింది కదా అని సంబరపడినవాళ్ళు కొందరు ఉన్నారు, చర్చింగ్‌కు ముసుగు వేసుకోను అని చర్చి కోర్టుకెక్కినవాళ్ళూ ఉన్నారు. ఎక్కువమంది మాత్రం ఆ తంతును వదల్లేదు. నిషేధ కాలంలో ఇళ్ళలో చాటుగా జరిపించుకున్నారు, ఆ నడుమ కూలిన రాజరికం తిరిగొచ్చాక మళ్ళీ చర్చికి వెళ్ళారు. చర్చింగ్ పోతే దానితో పాటు నెలకు హద్దురాయి పోతుంది. నెలాఖరున అందరి ముందూ జరగవలసిన పని ఒకటుంటేనే అంతకుముందు పొలానికి రమ్మనే మొగుణ్ణి, అత్తను ఆపడం కుదురుతుంది. మైల అన్నది పెద్దలు చెప్పిన కారణం. ఆడవాళ్ళు దాన్ని వాడుకున్న తీరు వేరు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. ఈ నెల సెలవు ఉన్నవాళ్ళకే కదా, కూలికి పోయే ఆడది మూడో రోజు లేవకపోతే పూట గడుస్తుందా అని. ఇందులో చాలా నిజం ఉంది. అయితే పదిహేడో శతాబ్దం తొలి పాదంలో లండన్‌కు ఆనుకుని, పేదలు కిక్కిరిసి ఉన్న సదక్ పేట రికార్డుల్ని జెరమీ బోల్టన్ అనే చరిత్రకారుడు లెక్కకట్టినప్పుడు, బిడ్డను కన్న తల్లుల్లో తొంభై శాతానికి పైగా చర్చింగ్ జరిపించుకున్నట్టు తేలింది. వాళ్ళందరూ నెలంతా మంచం మీదే ఉన్నారని కాదు. కానీ ఆచారం అన్నది దొరసానులకే పరిమితం అనడానికి ఈ అంకె ఒప్పుకోదు. ఊరి పేదల నిధి లెక్కల్లో, ఫలానా పేదరాలి పురిటికి మంత్రసానికి ఇంత, నెల చూసుకున్న మనిషికి ఇంత అని పద్దులు కనిపిస్తాయి. పన్ను డబ్బుతో నడిచే ఆ నిధిని చూసే పెద్దలు దయగలవాళ్ళని ఎవరూ అనరు. వాళ్ళే డబ్బు ఇచ్చారంటే, బాలింత నెలను ఊరు కనీస అవసరంగా ఒప్పుకున్నదన్నమాట.

అదే పెద్దలు పెళ్ళికాని గర్భవతిని, బిడ్డ తమ ఊరి లెక్కలో పడుతుందన్న భయంతో, నొప్పులతో ఉండగానే పొలిమేర దాటించిన సందర్భాలూ అవే పుస్తకాల్లో ఉన్నాయి. ఇక్కడ నా వాదనకు ఒక హద్దు గీసుకోక తప్పదు. పురిటి గదిలో ఆడవాళ్ళంతా ఒకరికొకరు అండ అని చెప్పడం ఎక్కువ చెప్పడమే. పెళ్ళికాని పిల్ల నొప్పులు పడుతుంటే మంత్రసాని, చుట్టూ ఉన్న ఇల్లాళ్ళు బిడ్డ తండ్రి పేరు చెబితేగాని చెయ్యి వెయ్యమని బెదిరించేవాళ్ళు. ఆ పేరు తర్వాత కోర్టులో సాక్ష్యం. సెలవు పెళ్ళైనవాళ్ళది, ఆ సెలవుకు కాపలా కాసినవాళ్ళే మిగతావాళ్ళకు పోలీసులు. హక్కు అన్నది అలాగే ఉంటుంది కాబోలు, ఎవరికి వర్తించదో తేల్చుకున్నాకే గట్టిపడుతుంది.

పద్దెనిమిదో శతాబ్దంలో రెండు వైపుల నుంచి దెబ్బ తగిలింది. ఒకటి వైద్యం. మాంచెస్టర్ సర్జన్ చార్ల్స్ వైట్ 1773లో గర్భిణుల, బాలింతల సంరక్షణ మీద పుస్తకం రాసి, మూసిన కిటికీలు, నెగడు, వేడి పానీయాలు, రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెట్టడం, ఇవే జ్వరాలకు మూలమని వాదించాడు. కిటికీలు తెరవండి, త్వరగా లేపి కూర్చోబెట్టండి అన్నాడు. గాలి విషయంలో, కదలిక విషయంలో అతను చెప్పింది చాలావరకు సరైనదే. ఎక్కువ రోజులు కదలకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని తర్వాతి వైద్యం రుజువు చేసింది. కాబట్టి పాత గదిని ఆరోగ్యం పేరుతో వెనకేసుకు రావడం కుదరదు. కానీ వైట్ వ్యతిరేకించింది చెమటను, కదలకపోవడాన్ని. తర్వాతి తరం దాన్ని సౌకర్యంగా మరోలా విన్నది. త్వరగా లేవడం మంచిదైతే త్వరగా పనిలోకి దిగడమూ మంచిదే అని.

రెండో దెబ్బ దానం రూపంలో వచ్చింది. 1745లో బార్తలమ్యూ మోస్ అనే సర్జన్ డబ్లిన్‌లో మూతపడిన ఒక నాటకశాలలో పేద తల్లులకోసం ఆస్పత్రి తెరిచాడు. 1757లో అది సొంత భవనంలోకి మారింది. నేటికీ నడుస్తున్న రొటండా ఆస్పత్రి అదే. లండన్‌లో 1749లో బ్రిటిష్ లైయింగ్-ఇన్ హాస్పిటల్, మరుసటి ఏడు మరొకటి, ఇలా వరసగా వెలిశాయి. పేరులో ఉన్నది పాత మాటే. ఇంట్లో నెల గడవని పేద భార్యకు ఆ నెలను దాతలు మంచం రూపంలో ఇస్తున్నారన్నది మొదటి ఆలోచన. అందుకే తొలి దశలో తల్లులను మూడు వారాల దాకా ఉంచుకునేవాళ్ళు, చాలాచోట్ల పెళ్ళి రుజువు చూపితేగాని చేర్చుకునేవాళ్ళు కాదు. రొటండాలో ప్రార్థన మందిరం కూడా కట్టారు. ఆచారాన్ని మొత్తంగా ఎత్తి ఆస్పత్రిలో పెట్టారన్నమాట, గాసిప్స్‌ను తప్ప. వాళ్ళ జాగాలో వార్డు నియమాలు, దాతల సిఫారసు ఉత్తరాలు, చదువుకునే కుర్ర డాక్టర్లు వచ్చారు. కన్‌ఫైన్‌మెంట్ అన్న మాట సరిగ్గా ఈ కాలంలోనే వాడుకలోకి రావడం కాకతాళీయం కావచ్చు. దాని మీద నేను పెద్దగా ఏమీ కట్టను.

ఆ ఆస్పత్రుల్లో బాలింత జ్వరం విజృంభించింది. అబర్డీన్ డాక్టర్ అలెగ్జాండర్ గార్డన్ 1795లోనే, ఆ జ్వరం మంత్రసానుల, డాక్టర్ల చేతుల మీదుగా ఒకరి నుంచి ఒకరికి పాకుతోందని, తానే కొందరికి అంటించానని రాస్తే ఊరు అతని మీద తిరగబడింది. వియన్నాలో డాక్టర్ సెమ్మెల్‌వైస్ కథ చాలామందికి తెలిసిందే. శవాలు కోసిన చేతులతో కాన్పులు చేసే వైద్య విద్యార్థుల వార్డులో 1847 ఏప్రిల్‌లో తల్లుల మరణాలు 18 శాతం. క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాక జూన్‌లో 2 శాతం చిల్లర. అదే శతాబ్దం నడుమ ఇంగ్లండు మొత్తంలో, అందులో అత్యధికం ఇంటి పురుళ్ళే, తల్లుల మరణాలు వెయ్యికి సుమారు ఐదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ సాయంతో లండన్ కింగ్స్ కాలేజ్ ఆస్పత్రిలో మంత్రసానుల శిక్షణకు పెట్టిన వార్డు 1867లో ఈ జ్వరం వల్లే మూతపడింది. ఆవిడ ఊరుకోక అంకెలు పోగేసి 1871లో లైయింగ్-ఇన్ సంస్థల మీదే పుస్తకం వేసింది. నిరుపేద తల్లికైనా ఆస్పత్రికన్నా సొంత ఇల్లే క్షేమమని అందులో తేల్చింది. తర్వాత సర్జన్ లిస్టర్ క్రిమిసంహారక పద్ధతి వచ్చి, 1880ల నుంచి ఈ ఆస్పత్రులు మెల్లగా కుదుటపడ్డాయి. లిస్టర్ సలహాదారుగా ఉన్న లండన్ జనరల్ లైయింగ్-ఇన్ హాస్పిటల్ భవనం నుదుట ఆ పేరు ఇంకా చెక్కి ఉంది. లోపల ఇప్పుడు హోటల్.

ఈ నమూనానే మద్రాసుకు కూడా వచ్చింది. 1844లో ఎగ్మూరులో ప్రభుత్వం తెరిచిన లైయింగ్-ఇన్ హాస్పిటల్, 1882లో ఇప్పుడున్న చోటికి మారి, ఉమ్మడి మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాలకు కూడా పెద్ద దిక్కుగా నిలిచింది. ఇక్కడ ఒక తేడా ఉంది. ఇంగ్లండులో ఆ మాట ఒక సొంత ఆచారం మీద నుంచి ఆస్పత్రి మీదికి జారింది. మద్రాసుకు వచ్చేసరికి అది నేరుగా ఆస్పత్రి పేరే. పురిటికి పుట్టింటికి పంపడం, పదకొండో రోజు పురుడు, బాలింత పథ్యం, ఇవన్నీ ఆ గోడల బయట తమ పేర్లతో తాము నడిచాయి. ఆస్పత్రి వాటిని తన లెక్కలోకి తీసుకోలేదు, అవీ ఆస్పత్రిని అడగలేదు.

ఇంగ్లండులో ఆ నెలకు ఏమైందో చట్టాలు చూస్తే తెలుస్తుంది. 1891 ఫ్యాక్టరీల చట్టం, బిడ్డను కన్న నాలుగు వారాల లోపు ఆడమనిషిని తెలిసి పనిలో పెట్టుకోకూడదని యజమానిని నిషేధించింది. నాలుగు వారాలన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. కానీ ఆ నాలుగు వారాలకు కూలి ఇవ్వాలన్న ముక్క అందులో లేదు. గాసిప్స్ వంట చేసిపెట్టే పాత నెలలో సెలవూ, తిండీ కలిసే ఉండేవి. చట్టం సెలవు మాత్రం ఉంచి, తిండి సంగతి ఆమెకే వదిలేసింది. ఫలితంగా ఫ్యాక్టరీ మానిపించిన తల్లి ఇంట్లో ఊరివాళ్ళ బట్టలు ఉతికింది. 1902లో మంత్రసానుల చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన బోర్డు నియమావళి లైయింగ్-ఇన్ కాలమంటే కాన్పు సమయమూ, ఆ తర్వాత పది రోజులూ అని నిర్వచించింది. మంత్రసాని బాధ్యత ఎన్నాళ్ళన్నది చెప్పడానికే ఆ నిర్వచనం, తల్లి విశ్రాంతిని కొలవడానికి కాదు, అది ఒప్పుకుంటాను. అయినా శతాబ్దాలుగా తల్లి వైపు నుంచి లెక్కించిన కాలాన్ని మొట్టమొదటిసారి ఉద్యోగి వైపు నుంచి లెక్కించారు. ఆ మాట అప్పటి నుంచి డ్యూటీ రిజిస్టరు మాట అయిపోయింది.

1911 బీమా చట్టం పురిటికి 30 షిల్లింగులు ఇచ్చింది. మొదట అది మొగుడి చేతికి చేరేది. గొడవ జరిగాక 1913లో అది తల్లి సొత్తని సవరించారు. 1915లో మహిళా సహకార సంఘం కార్మిక స్త్రీల ఉత్తరాలను పుస్తకంగా వేస్తే, ఎంతమంది తల్లులు మూడో రోజో నాలుగో రోజో లేచి బట్టలుతుకుతున్నారో మధ్యతరగతి ఇంగ్లండుకు అప్పుడు తెలిసింది. మూడు వందల ఏళ్ళ కిందటి సదక్ పేట తల్లికన్నా వీళ్ళ చేతిలో డబ్బు కాస్త ఎక్కువే ఉండి ఉంటుంది. లేనిది నెల. పక్కింటావిడ కూడా మిల్లుకు పోతుంటే కాడిల్ కాచేదెవరు? అదే సమయంలో పై వర్గాల ఇళ్ళలో నెల నర్సు ఇంకా దర్జాగా వస్తూనే ఉంది. 1861 నాటి బీటన్ దొరసాని గృహనిర్వహణ పుస్తకంలో ఆమెను ఎలా ఎంచుకోవాలో సలహాలు ఉన్నాయి. డికెన్స్ సృష్టించిన మిసెస్ గ్యాంప్, జిన్ను సీసా వాసనతో, పురుడుకూ చావుకూ ఒకే మూటతో బయల్దేరే మనిషి, ఆ వృత్తి మీద వెక్కిరింతే. ఊరి ఇల్లాళ్ళందరికీ దక్కిన ఏర్పాటు కొనుక్కోగల సేవగా మారిందని దీని అర్థం.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో మంచాలు చాలక తల్లులను త్వరగా లేపి ఇంటికి పంపడం మొదలైంది. వైద్యం కూడా దాన్ని సమర్థించింది, సరిగానే సమర్థించింది. ఇక లోపల పడుకోవడానికి గదీ లేదు, పడుకోమనేవాళ్ళూ లేరు. లైయింగ్-ఇన్ పురాతన మాట అయిపోయింది, కన్‌ఫైన్‌మెంట్ ఇంగ్లండు రోజువారీ మాటల్లో జైలుకే మిగిలింది. ఇరవయ్యో శతాబ్దం చివరినాటి బ్రిటిష్ మంత్రసానుల నియమాల్లో కాన్పు తర్వాత చూడవలసిన కాలం పది రోజులకు తగ్గకుండా, ఇరవయ్యెనిమిది రోజుల దాకా అని ఉండేది. పాత నెల కొన్నాళ్ళు ఆ గరిష్ఠ పరిమితిలో ఒక మూల మిగిలింది.

అయితే ఈ మాట పాత అర్థంతో సజీవంగా ఉన్న చోటు ఒకటుంది. సింగపూరు, మలేషియాల్లో చైనీయులు కాన్పు తర్వాత నెల రోజులు తల్లిని కదలనివ్వకుండా అల్లం, నువ్వుల నూనె వంటకాలు పెట్టి చూసుకునే ఆచారాన్ని, మలయుల నలభై రోజుల పథ్యాన్ని, అక్కడి తమిళ, తెలుగు కుటుంబాల బాలింతతనాన్ని, అన్నిటినీ ఇంగ్లీషులో కన్‌ఫైన్‌మెంట్ అనే అంటారు. ఎవరికీ ఆ మాటలో జైలు వినిపించదు. ఆ నెల ఇంట్లో ఉండి వంటా, స్నానాలూ చూసే ఆవిడ కన్‌ఫైన్‌మెంట్ నానీ. సింగపూరు కార్మిక శాఖ ఆ పేరుతోనే మలేషియా స్త్రీలకు ప్రత్యేకంగా పని అనుమతి ఇస్తుంది, బిడ్డ పుట్టిన రోజు నుంచి 16 వారాలకు మించకుండా. బేరం మాత్రం ఎక్కువగా 28 రోజులకే కుదురుతుంది. మంచి పేరున్న మనిషి కావాలంటే గర్భం నిర్ధారణ కాగానే మాట్లాడుకుని అడ్వాన్సు ఇచ్చుకోవాలి.